అరవై ఎనిమిదో నంబరు రక్తం

మా అత్తగారింట్లో నా కడుపు నాది కాదు. ఎమ్మిగనూరులో మేముండే నేతగాళ్ళ వీధికంతటికీ దాని మీద సమాన హక్కులుండేవి. పొద్దున లేచినప్పటి నుంచి నేను ఎన్నిసార్లు చెంబు పట్టుకుని ఊరి బయటికి పోయానో నాకంటే ఎదురింటి అవ్వకే బాగా తెలుసు. మధ్యాహ్నం నేను రొట్టె తిన్నానా, మజ్జిగ తాగి ఊరుకున్నానా అన్న సంగతి పడుగు సాగదీసి గంజి పెట్టేచోట మగవాళ్ళు కూడా చర్చించుకునేవాళ్ళు. ఒకరు వేడి అన్నారు. ఒకరు దిష్టి అన్నారు. ఆదోని నీళ్ళు తాగి పెరిగిన కడుపుకు ఇక్కడి నీళ్ళు పట్టలేదని ఇంకొకాయన తేల్చాడు. నేను ఆదోని నుంచి కాపురానికొచ్చి అప్పటికి నాలుగేళ్ళయిందనీ, ఇక్కడి నీళ్ళు తాగే ఒక కూతుర్ని కూడా కన్నాననీ ఆయనకు గుర్తు చేసినవాళ్ళు లేరు. నేతకు నూలు కండెలు చుట్టడానికి ఒళ్ళు వంగక నాటకమాడుతోందని అనుకున్నవాళ్ళు మాత్రం ఆ మాట నా ఎదుట అనలేదు. మా వీధిలో ఆ మాత్రం మర్యాద ఉండేది.

నాకున్న బాధ ఇది. బొడ్డుకు కింద, కుడివైపు, తిన్న గంటకల్లా మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది. తర్వాత విరేచనాలు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. నోట్లో పుండ్లు లేచి, కారం తగిలితే కళ్ళవెంట నీళ్ళు వచ్చేవి. జొన్నరొట్టె వాసన తగిలితేనే భయమేసేది. గాజులు మోచేతి దాకా ఎక్కడా ఆగకుండా జారేవి. అది కర్నూలుకు రాజధాని పదవి ఊడిన కొత్త. జిల్లా జిల్లా అంతా దిగులుగా ఉంటే నేనొక్కదాన్ని చిక్కిపోవడం ఎవరికీ పెద్ద వింతగా తోచలేదేమో.

బజారులో ఒక సూదులాయన ఉండేవాడు. ఎవరో డాక్టరు దగ్గర సీసాలు కడుగుతూ ఉండి, ఆ డాక్టరు కాలం చేయగానే ఈయన డాక్టరైపోయాడు. కొడుకులకు రాని వారసత్వం సీసాలు కడిగినవాడికి వచ్చింది. ఆయన మా ఇంటికొచ్చి, నా వేలిగోరు నొక్కి చూసి, కింది కనురెప్ప లాగి చూసి, మా మామను పక్కకు పిలిచి చెవిలో ఒక్కమాట చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి పోయాడు. ఆ ఒక్కమాట క్షయ. కాఫీ చల్లారేలోపు వీధి చివరిదాకా పాకింది.

నా కూతురికి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. నా పైటకొంగు చివర నోట్లో పెట్టుకుంటే గాని నిద్రపోయేది కాదు. ఆ సాయంత్రమే మా అత్త దాని గౌన్లు మూటగట్టి, బండి పిలిపించి, నందవరంలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి పంపించేసింది. పంపించే ముందు నాకు చెప్పలేదు. చెబితే నేనేడుస్తానని, ఏడిస్తే నొప్పి ఎక్కువవుతుందని, నా మంచికోసమే చెప్పలేదట. నేను లోపల పడుకుని ఉన్నాను. బండి చక్రాల చప్పుడు విన్నాను. ఎవరిదో బండి అనుకున్నాను.

మర్నాటి నుంచి నాకొక సత్తు గిన్నె, ఒక సత్తు లోటా, వసారాలో ఒక మూల. నా లోటా నేనే కడుక్కోవాలి, నా చాప నేనే దులుపుకోవాలి. కండెలు ముట్టుకోకూడదు. ఇక్కడ మా పనితీరు గురించి ఒక మాట చెప్పాలి. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త కండె పెట్టినప్పుడల్లా పోగు కొస నాడెకున్న చిన్న కంతలోంచి బయటికి రావాలి. దానికి నోరు ఆనించి గట్టిగా పీలుస్తారు. మా మామ పీల్చిన నాడెనే నా భర్త పీల్చేవాడు. పక్కింటి నుంచి బదులు తెచ్చిన నాడెను ఇద్దరూ పీల్చేవాళ్ళు. ఆ పక్కింటాయన దగ్గు వీధి మలుపు నుంచి వినిపించేది. అంతమంది ఎంగిలి రోజంతా ఆ నాడెల్లో అటూ ఇటూ తిరుగుతుంటే దానిలో ఎవరికీ ఏ జబ్బూ కనపడలేదు. నా లోటాలో కనిపించింది.

నా భర్త మంచివాడు. ఆ మంచితనమంతా తండ్రి ఎదుట నోరు మూసుకోవడానికే సరిపోయేది. అయినా నాలుగు వారాలు నన్ను ఆ మూలలో చూసి చూసి, మా అమ్మకు నన్ను చూపించుకొస్తానని ఇంట్లో చెప్పి, ఆదోని బస్సెక్కించాడు. మా అమ్మ ఇంటికి పోవడానికి ముందు పత్తి మార్కెట్టు వెనక సందులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మిలటరీలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. మాట తక్కువ, మీసం ఎక్కువ.

ఆయన నా గోరు నొక్కలేదు. కూర్చోబెట్టి, ఎప్పుడు మొదలయింది, ఏం తింటే ఎక్కువవుతుంది, నొప్పి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుంది అని అడిగాడు. నా కడుపు గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత పడుకోబెట్టి కడుపు నొక్కి, కుడివైపు ఒక గడ్డలాంటిది తగులుతోందన్నాడు. రెండు అనుమానాలున్నాయన్నాడు. ఒకటి పేగుకు వచ్చే క్షయ. మన వైపు ఎక్కువగా చూసేది అదే. రెండోది పేగు గోడ తనంతట తాను వాచి, లోపల పుండ్లు పడే జబ్బు. పై దేశాల పుస్తకాల్లోకి ఎక్కి ఒక తరం కూడా కాలేదన్నాడు. ఇప్పుడు దాన్ని క్రోన్స్ వ్యాధి అంటారని నా మనుమరాలు చెబుతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత నా కడుపు కోసి చూసినవాళ్ళు అదేనని తేల్చారు. ఆ రోజు ఆయనకది అనుమానం మాత్రమే. రెండు జబ్బులూ చేతికి ఒకేలా తగులుతాయట, రక్తంలో కూడా ఒకేలా కనపడతాయట. తేడా ఏమిటంటే రెండోది ఒకరి నుంచి ఒకరికి పాకేది కాదు.

నేను అడిగింది ఒక్కటే, నా బిడ్డను తెచ్చుకోవచ్చా అని. ముందు రక్తమూ తెమడా చూసి చెబుతానన్నాడు.

రక్తం తీసే ఆయన ముందు వేలి కొస పొడిచాడు, తర్వాత మోచేతి మడత దగ్గర సూది గుచ్చి తీశాడు. దాన్ని ఏదో మందుతో కలిపి, సన్నటి పొడుగాటి గాజు గొట్టంలోకి పీల్చి, చెక్క స్టాండులో నిటారుగా నిలబెట్టాడు. గంటసేపు ఎవరూ కదిలించకూడదన్నాడు. ఆ గంటా ఆయన చాయ్ తాగుతూ పక్క కొట్టాయనతో ఉర్దూలో పత్తి ధరలు మాట్లాడాడు. నేను గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. గాలిలో పత్తి నుసి ఎగురుతూ ఉంది. గొట్టంలో పైన పచ్చటి నీరు తేలి, ఎరుపు కిందికి కిందికి జారిపోతూ ఉంది. నాకు దాని అర్థం తెలియదు. అంత చురుగ్గా జారుతుంటే, నా ఒంట్లో పని చేసే వస్తువు ఇదొక్కటైనా ఉందని సంతోషించాను.

ఆ గంటలో డాక్టరును ఎవరో కాన్పు కష్టమైందని వచ్చి తీసుకుపోయారు. రక్తం తీసిన ఆయన అంకెలు వేసిన కాగితం మా చేతిలో పెట్టి, తెమడ సంగతి కూడా తేలాక వారం తర్వాత ఈ కాగితంతో రండి, అయ్య చదివి చెబుతాడన్నాడు. చదవడానికి వారం ఆగాలని ఆయన చెప్పింది మాకు. మా ఇంటికి చెప్పలేదు కదా.

ఇల్లు చేరగానే నా భర్త జేబులోంచి కాగితం అంచు బయటికి కనపడింది. మా మామ చెయ్యి చాపాడు. మా ఆయన ఇచ్చేశాడు. ఆదోని డాక్టరు దగ్గరికి పోయినందుకు తిట్లు తినాల్సింది, కానీ కాగితం మీద అంకెలు చూడగానే మా మామ తిట్టడం మరిచిపోయాడు.

మా మామకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. కానీ ఇంగ్లీషు అంకెలు మాత్రం మా వీధిలో మగ్గమున్న ప్రతి ఇంటికీ వచ్చు. మిల్లుల నుంచి వచ్చే నూలు కట్టల మీద నంబరు ఆ అంకెల్లోనే ఉంటుంది మరి. ఇరవయ్యో నంబరంటే లావు నూలు, దుప్పట్లకూ తుండుగుడ్డలకూ పోతుంది. నలభై అంటే రోజూ కట్టే చీర. అరవై, ఎనభై అంటే సన్నం, చెయ్యి తిరిగినవాడు నేసే పెళ్ళిచీర. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, నేసేవాడి పరువు పెరుగుతుంది. బుద్ధెరిగిన నాటి నుంచి మావాళ్ళు లోకాన్ని కొలిచింది ఆ కొలతతోనే. మా మామ మామిడిపండు తిని మెచ్చుకున్నా ఎనభయ్యో నంబరు పండు అనేవాడు.

ఆయన అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు పంచెతో తుడుచుకుని, కాగితం విప్పాడు. ఇరుగూ పొరుగూ చేరారు. మొదట ఏడు అని ఉంది. అది నా రక్తంలో ఉండాల్సిన సత్తువలో సగమే ఉందని చెప్పే అంకె అని నాకు వారం తర్వాత తెలిసింది. ఆ పొద్దు పరీక్షకు వచ్చినవాళ్ళలో నేను ఏడోదాన్ని, అది వరస నంబరు అని మా మామ తేల్చాడు. తర్వాత పదకొండు వేల నాలుగు వందలు. అది తెల్లకణాల లెక్క. మా అరుగు మీద అది పడుగులోని పోగుల లెక్క అయింది. పదకొండు వేల పోగుల చీర ఏ మహారాణి కట్టిందని ఒకాయన అడిగాడు. రాసినవాడు సున్నా ఒకటి ఎక్కువ వేసి ఉంటాడని అందరూ కలిసి సరిపెట్టుకున్నారు. చివరికి అరవై ఎనిమిది దగ్గరికి వచ్చారు. అది గొట్టంలో నిలబెట్టి చూసిన రక్తానిదేనా అని మా అత్త చేత నన్నడిగించారు. మామకు కోడలు ఎదురుగా నిలబడి జవాబు చెప్పే పద్ధతి మా ఇంట్లో లేదు. నేను తలుపు వెనక నుంచి అవునన్నాను.

"అయితే అదే అసలు నంబరు" అన్నాడు మా మామ. "అరవై ఎనిమిది."

అరుగు మీదివాళ్ళంతా తలలూపారు. ఒక ముసలాయనకు మాత్రం సందేహం వచ్చింది. అరవై ఉంది, ఎనభై ఉంది, ఈ మధ్యలో అరవై ఎనిమిది ఎక్కడిదని అడిగాడు. మిల్లు నూలులో ఉండదు, ఇది మనిషి రక్తం కాబట్టి ఉంటుందని మా మామ చెప్పాడు. ఆ జవాబుకు ఎదురు లేదు. సన్నటి రక్తం, మేలైన రక్తం, దీనికి క్షయ ఎట్లా వస్తుంది అన్నారు. సూదులాయనకు కళ్ళు కనపడవని కూడా అన్నారు. నిన్నటి దాకా ఆయన మాటే వేదం.

నేనూ నమ్మాను. ఎందుకు నమ్మను? నేనూ నూలు నంబర్ల మధ్యనే బతుకుతున్నదాన్ని, పైగా ఆ నమ్మకం నాకు నా కూతుర్ని తెచ్చిపెడుతోంది. మర్నాడు పొద్దున్నే నందవరానికి బండి పోయింది. మధ్యాహ్నానికి బిడ్డ వచ్చింది. దిగగానే నన్ను గుర్తుపట్టనట్టు కాసేపు నిలబడి చూసింది. తర్వాత వచ్చి నా కొంగు చివర నోట్లో పెట్టుకుంది. ఆ క్షణాన నాకు ఏ నొప్పీ లేదు. ఉన్నా నేను గమనించలేదు.

వారం తర్వాత ఆదోనిలో డాక్టరు కాగితం చూసి మీసం దువ్వుకున్నాడు. అరవై ఎనిమిది మీద వేలు పెట్టి, ఇది చాలా ఎక్కువమ్మా అన్నాడు. ఎక్కువ అంటే మంచిదే కదా అని నేనడిగాను. ఆయన నా ముఖం చూశాడు. నేను హాస్యమాడడం లేదని తెలిశాక కుర్చీ దగ్గరికి లాక్కుని వివరంగా చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తాన్ని గొట్టంలో నిలబెడితే ఎరుపు మెల్లగా దిగుతుందట. ఒంట్లో ఎక్కడైనా వాపో పుండో ఉంటే కణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి తొందరగా దిగుతాయట. గంటలో ఎంత దిగిందో అదే ఆ అంకె. అది ఎంత తక్కువైతే అంత మంచిది.

"ఇంట్లో ఎక్కడో పొయ్యి రగులుతోందని పొగ చెబుతుంది. ఏ గదిలో, ఏ కట్టెతో అని చెప్పదు. నీ రక్తం కూడా అంతే. జబ్బు పేరు చెప్పదు."

మరి నా బిడ్డ అన్నాను. ఆయన తొందరగా తక్కిన సంగతి చెప్పాడు. తెమడలో ఏమీ లేదు. గుండెకు గొట్టం పెట్టి విన్నాడు, ఊపిరితిత్తులు బాగున్నాయి. ఛాతీ ఫొటో కోసం అప్పటికప్పుడు బళ్ళారి రైలెక్కించాడు, మర్నాడు తెచ్చి చూపిస్తే అదీ శుభ్రంగా ఉందన్నాడు. ఇది పేగు క్షయే అయినా, దగ్గు లేక, తెమడలో క్రిమి కనపడని మనిషి నుంచి పక్కనున్న బిడ్డకు పాకే భయం లేదన్నాడు. బిడ్డను నీ దగ్గరే ఉంచుకోమన్నాడు. ఆయన నోటితో అన్నాడు, నేను చెవులారా విన్నాను. కాగితం మీద మాత్రం రాయలేదు. రాయమని అడగాలని నాకప్పుడు తోచలేదు.

బస్సులో నేనూ నా భర్తా లెక్క వేసుకున్నాం. అరవై ఎనిమిది చెడ్డదని చెబితే ఆ రాత్రికే మూటగడతారు. డాక్టరు అభయమిచ్చాడని చెప్పినా వినేవాళ్ళు లేరు. మా ఇంట్లో నోటిమాటకు విలువ లేదు, కాగితానికే విలువ. ఏమీ చెప్పవద్దని ఇద్దరమూ అనుకున్నాం. మందులు వాడమన్నాడని మాత్రం చెప్పాం.

ఈలోగా నా రక్తానికి పేరొచ్చింది. మా మామ గంజి పెట్టేచోట నిలబడి మా కోడలిది అరవై ఎనిమిది అనేవాడు. ఒక అత్తగారు తన కోడలి రక్తం కూడా చూపించుకొస్తామని ఆదోని సందు గుర్తులు అడిగి పోయింది. పక్కవీధిలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను పిల్లవాడి రక్తం ఎన్నో నంబరని అడిగారట. నాకు కడుపు పట్టుకుని నవ్వాలనిపించేది, కానీ ఆ కడుపు పట్టుకుంటే నొప్పి.

డాక్టరు మొదట క్షయకిచ్చే సూదిమందు ఇచ్చి చూశాడు. నెలలు గడిచినా గుణం కనపడలేదు. అదే ఆయన రెండో అనుమానానికి బలమిచ్చింది. నేను మాత్రం మంచం పట్టాను. గోడ పట్టుకుని కూడా లేచి నిలబడలేకపోయేదాన్ని. ఆ వారమే మళ్ళీ రక్తం చూశారు. డెబ్బై నాలుగు. మా మామ ఆ సాయంత్రం వీధికంతా బొరుగులు పంచాడు. నేను మంచంలోంచి చూస్తుండగా పిల్లలు దోసిళ్ళు పట్టి తిన్నారు. ఇంట్లో మనిషి చచ్చిపోతుంటే ఇంత సంబరంగా చూసుకున్న ఇల్లు మరొకటి ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండినా నోరు విప్పలేదు, ఎందుకంటే బిడ్డ నా పక్కనే పడుకుని ఉంది.

అప్పుడు డాక్టరు మద్రాసు నుంచి కొత్తరకం మాత్రలు తెప్పించాడు. వాపును అణిచే మాత్రలట. క్షయ ఎక్కడైనా దాక్కుని ఉంటే ప్రమాదమని ఆయనే భయపడుతూ, మధ్యమధ్యలో పిలిపించి చూస్తూ ఇచ్చాడు. పది రోజుల్లో నాకు ఆకలేసింది. ఆకలి ఎట్లా ఉంటుందో నేను మరిచిపోయాను. మెత్తటి అన్నం, తర్వాత సంగటి, ఆ తర్వాత ఒక రొట్టె, పుంటికూర. నోట్లో పుండ్లు ఆరాయి. గాజులు మణికట్టు దగ్గర నిలబడ్డాయి. మెల్లగా కండెలు చుట్టడం కూడా మొదలుపెట్టాను.

మళ్ళీ రక్తం చూపించుకోవాల్సిన రోజున నా భర్త మగ్గం మీద చీర సగంలో ఉంది. మా మామే నన్ను ఆదోనికి తీసుకుపోయాడు. లోపలికి రాలేదు. కోడలు డాక్టరుతో కడుపు సంగతులు చెప్పుకుంటుంటే మామ వినడం బాగుండదని బయట చాయ్ అంగడి దగ్గర కూర్చున్నాడు. లోపల డాక్టరు నన్ను చూసి మొదటిసారి నవ్వాడు. ఇరవై రెండు, ఇంకా దిగుతుందన్నాడు. నేను కాగితం తెచ్చి మామ చేతిలో పెట్టాను. ఆయన అంకె చూసి, కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూసి, కాగితం మడిచి రొంటిన దోపుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

ఇరవై రెండో నంబరు! దుప్పటి నూలు. తుండుగుడ్డ రక్తం. వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. డెబ్బై నాలుగు నుంచి ఇంత లావైపోయిందంటే లోపల ఏదో తినేస్తోందన్నారు. సూదులాయనకు మళ్ళీ కళ్ళు వచ్చాయి. ఆయన మొదటే చెప్పాడు కదా అన్నారు. వచ్చినవాళ్ళకు నేనే నీళ్ళు ఇచ్చాను, నేనే చాపలు పరిచాను. నీ ముఖం కాస్త తేటగా ఉందే అని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ తలెత్తి చూస్తేగా.

నా భర్త ఆ పొద్దు నోరు తెరిచాడు. ఆ నంబరు తగ్గితేనే మంచిదని డాక్టరు చెప్పినట్టు తండ్రితో అన్నాడు. మొన్న డెబ్బై నాలుగు వచ్చినప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదని తండ్రి అడిగాడు. మేం దాచిన మాటే మా గొంతు పట్టుకుంది.

మర్నాడు బండి వాకిట్లోకి వచ్చింది. మా అత్త బిడ్డ గౌన్లు మూటగట్టి చంకన పెట్టుకుంది. బిడ్డకు రెండేళ్ళు దాటాయి, ఈసారి దానికి బండి అంటే ఏమిటో తెలుసు. నా కాళ్ళు చుట్టేసుకుంది. నేను దాన్ని అట్లాగే ఈడ్చుకుంటూ గడప దాటి, మామ కూర్చున్న అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేనాయన ఎదుట అట్లా నిలబడింది లేదు.

"మామా, అది నూలు నంబరు కాదు. ఎంత దిగితే అంత మంచిదంట."

ఆయన నా వైపు చూడలేదు. భార్యతో అన్నాడు. "నూలు పట్టి నలభై ఏండ్లయింది. నాకు నంబరు నేర్పుతాదంట."

"అరవై ఎనిమిదప్పుడు నేను సస్తాంటిని. డెబ్బై నాలుగప్పుడు లేసి నిలబడలేదు, మీరు బొరుగులు పంచినారు. ఇప్పుడు రెండు రొట్టెలు తింటాండాను. కాగితం ఎందుకు మామా, నన్ను సూడండి."

ఆయన కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. మడతలు పెట్టి, మళ్ళీ విప్పాడు. బండి తోలే మనిషి ఎద్దుల వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు మా అత్త మాట్లాడింది. నంబర్ల గొడవ తనకొద్దంది.

"అంటుకుంటాదా, అంటుకోదా? ఆ మాట కాగితంలో ఉంటే సదువు."

లేదు. ఆ కాగితంలో ఆ మాట లేదు, ఏ రక్తం కాగితంలోనూ ఉండదు. డాక్టరు చెప్పింది నా చెవిలోనే ఉంది. మా నాన్న నన్ను ఆదోనిలో ఐదో తరగతి దాకా చదివించాడని మా అత్తకు తెలుసు. నేను మామ చేతిలోంచి కాగితం తీసుకున్నాను. పైన అచ్చేసిన ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టాను. ఒక్కో మాటా నొక్కి చదివాను. "ఈమె జబ్బు ఎవరికీ అంటుకోదు. బిడ్డ తల్లి దగ్గరే ఉండవచ్చును." ఉండవచ్చును అని పుస్తకంలో లాగా చదివితే గట్టిగా ఉంటుందనిపించింది.

మా మామ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. అక్షరాల జోలికి ఆయన రాడు. మా అత్త మూటతో నా దగ్గరికి వచ్చింది.

"ఇంకోసారి సదువు."

మళ్ళీ చదివాను. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అదే చదివాను. ఆమె నా నోటిని కాదు, నా చేతిని చూస్తోంది. చదవడం అయ్యాక నాకొక్కదానికే వినపడేంత మెల్లగా అంది. "ముందు నీ వేలు పైన ఉండె. ఇప్పుడు కింద ఉండాది."

బిడ్డ నా కాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకుంది. మా అత్త తలెత్తి నన్ను చూసింది. బుగ్గలు చూసింది, మెడ చూసింది. నా చెయ్యి పట్టుకుని గాజుల్ని ఒకసారి పైకి తోసి చూసింది. అవి ఎక్కలేదు.

"అంటుకోదని రాసినారంట. బండి తిప్పుకో పో" అని వాకిట్లోకి గట్టిగా చెప్పింది. మా మామ కాదనలేదు. ఆమె వంగి బిడ్డను నా కాళ్ళ నుంచి విడిపించి, ఎత్తి నా చంకలో పెట్టింది. మూట విప్పుతూ, నా ముఖం చూడకుండా అంది.

"ఎవురన్నా అడిగితే వేలు ఒక్క సోటనే పెట్టి సదువు."